సారు కలిపిన మలీద

నిన్న సంతకు పోయి కూరగాయల సంచితో తిరిగి వస్తుంటే కాలేజీ గోడకు కట్టిన ఫ్లెక్సీ కంటబడింది. మొహాలే మొహాలు. దండలు వేసుకున్నవి, చేతులు జోడించినవి, నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నవి. వాటన్నిటి కింద ఒక మూలన, తపాలా బిళ్లంత జాగాలో మా ఆటల సారు. 'తొలి క్రీడా గురువుకు ఘన నివాళి' అని రాశారు. సారు ఫొటో ఎక్కడా దొరకలేదేమో, ఎవడో కంప్యూటర్లో గీసిన బొమ్మ పెట్టారు. ఆ బొమ్మకు మెలితిప్పిన మీసాలున్నాయి. సారుకు మీసమే లేదు. రోజూ పొద్దున బావి గట్టు మీద కూర్చుని, అద్దం లేకుండా చెంపలు తడుముకుంటూ నున్నగా గీసుకునేవాడు. మనిషి మొహం తెలియనివాళ్లు మనిషికి నివాళి ఇస్తున్నారు. అక్కడే ఉమ్మేసి ఇంటికి వచ్చాను.

సాయంత్రం ఆ నివాళి కమిటీ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. మెడలో గొలుసు, చేతిలో రెండు ఫోన్లు.

"తాతా, సారు టీంల బతికున్నోనివి నువ్వొక్కనివే అంటుండ్రు. సంచిక ఏస్తున్నం. సారు మీద ఓ తీపి జ్ఞాపకం రాసియ్యి. పేజీన్నర సాలు."

"తీపి ఒక్కటే రాయాల్నా?"

"సంచిక గద తాతా, జర మంచిగుండాలె. ఆ దినాలల్ల కులం లేకుండె, ఏం లేకుండె, అందరు ఒక్క పళ్లెంల తిన్నరని మా తాత చెప్పెటోడు. గది రాయి. సభల నీకు కుర్సీ ఏస్తం, శాలువా కప్తం."

వాడి మొహం వైపు చూశాను. అదే ముక్కు, అదే గడ్డం. వాడి తాత ఎవరో నాకు తెలుసు. ఆ తాత ఇంటి వసారాలో నేను ఒక మధ్యాహ్నం కూర్చున్నాను. ఏం చేశానో ముందుకు పోతే తెలుస్తుంది. కులం లేకుండెనట! "రాస్త, ఎల్లుండి రా" అన్నాను.

నేను కాలేజీలో చదివింది ఒక్క ఏడాది కూడా నిండలేదు. ఆ తర్వాత చదివినదంతా నా అంతట నేను చదివింది. పల్లీలు కట్టిన కాగితాలు, లైబ్రరీలో పురుగు తిన్న పుస్తకాలు, పొద్దున హోటల్లో నలుగురి చేతులు మారిన పేపరు. కాబట్టి నా రాతలో తప్పులుంటాయి. అబద్ధాలుండవు. రాయాల్సిన ఒక్క అబద్ధం ఎప్పుడో రాసిచ్చేశాను.

*

మా ఊరు గద్వాలకూ వనపర్తికీ నడుమ ఉంటుంది. కాలేజీ అప్పుడే కొత్తగా పెట్టారు. ఊరి పెద్దల కమిటీ నడిపేది. నాలుగు గదులు, రేకుల షెడ్డు, వెనక గుట్ట దాకా బీడు. అందులో రాళ్లు, తుమ్మచెట్లు, పాముపుట్టలు. ఆ బీడును చూసి ఆటస్థలం అనుకున్న మొదటి మనిషి సారు.

ఆయన అమ్రాబాద్ వైపు అడవి అంచు మనిషి. చిన్నప్పుడే పల్టన్‌లో చేరి, మొదట వంటశాలలో గంజులు తోమి, తర్వాత జవాన్లకు డ్రిల్లు చెప్పే దాకా ఎదిగి, మోకాలు చెడి తిరిగొచ్చాడు. కమిటీవాళ్లు ఆయన్ని ఏడాది పరీక్ష మీద తీసుకున్నారు. ఏడాది తిరిగేసరికి పెద్దలు సరేనంటే ఉద్యోగం పక్కా. లేకపోతే ఇంటికి.

బస్టాండు ముందు హోటల్లో బల్లల మీద కూర్చున్న పెద్దలకు నెల రోజులు ఇదే ముచ్చట.

"పిల్లలను ఆడిపిస్తె జీతమా? మా దూడలు జీతం లేకుంటనే ఆడుతయి."

"అయితె నీ దూడలకు సారును పెట్టుకోరాదు?"

"ఆయనది ఏ కులమంట?"

ఈ చివరి ప్రశ్న సారును మొహం మీదే అడిగినవాళ్లు ఉన్నారు. ఆయన నవ్వి, "మాది అడివి అంచు" అనేవాడు. ఊరడిగితే ఊరు చెప్పినట్టు, కులమడిగినా ఊరే చెప్పేవాడు. అది మా పెద్దలకు మింగుడు పడలేదు. కులం తెలియని మనిషికి మంచం వేయాలో, అరుగు చూపాలో, నేల మీద కూర్చోమనాలో తెలియక వాళ్లు పరేషాన్ అయ్యేవాళ్లు.

సారు పొద్దు పొడవకముందే వచ్చి గ్రౌండు ఊడ్చేవాడు. సుద్దముక్క రుద్ది తెల్లగా చేసిన కాన్వాసు బూట్లు, మోకాలికి కట్టిన గుడ్డ, దగ్గరికి పోతే లవంగం వాసన. నోట్లో ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. మమ్మల్ని మొదటి నెలంతా ఆట ఆడనివ్వలేదు. రాళ్లు ఏరించాడు. ఏరిన రాళ్లతో చుట్టూ కట్ట కట్టించాడు. వాన పడ్డ మర్నాడు ఆ ఎర్రమట్టిని కాళ్లతో తొక్కించి, పేడనీళ్లు చల్లించి, మళ్లీ తొక్కించాడు. అలా తయారైన మెత్తటి నేల మీద సున్నంతో గీత గీసి, "ఇగ రాండ్రి" అన్నాడు. తడి మట్టి, సున్నం, పేడ కలిసిన ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నా కాళ్లు వాటంతట అవే ఆటకు నిలబడ్డట్టు ఎడంగా పడతాయి.

ఆ నేల ఇవాళ ఏమైందో చెప్పాలా? సగం ఫంక్షన్ హాలు కార్లు నిలబెట్టే జాగా. మిగతా సగంలో సీసాలు, విస్తరాకులు, పందులు. రాళ్లు ఏరిన చేతుల్లో నావి రెండున్నాయి. అటు పోయినప్పుడల్లా వాటిని జేబులో పెట్టుకుంటాను.

మా ఆట చెడుగుడు. ఊళ్లో అందరూ ఆడేదే. కానీ సారు చేతిలో అది వేరే ఆట అయింది. కూతకు పోయినవాడు ఊపిరి ఎట్లా దాచుకోవాలో, పట్టేవాడు కాలును కాకుండా నడుమును ఎందుకు చూడాలో చెప్పేవాడు. "కాలు అబద్ధమాడతది రా, నడుము అబద్ధమాడదు" అనేవాడు. నేను ఎడమ మూల కాచేవాణ్ణి. ఎడమ కాలు ముందే ఎత్తేస్తానని రోజూ తిట్టు పడేది.

ఒకసారి పక్క చేన్లో పల్లికాయ పీకి, ఎండుటాకుల మంట వేసి కాల్చుకు తిన్నాం. సగం మాడి, సగం పచ్చిగా ఉన్నా అంత రుచి నేను తర్వాత ఎక్కడా చూడలేదు. చేను ఆసామి కట్టె పట్టుకుని వచ్చాడు. సారు మా తరఫున చేతులు కట్టుకుని నిలబడి మాట పడ్డాడు. ఆసామి పోయాక సారు మమ్మల్ని కొట్టలేదు. రెండు పొద్దులు ఆ చేన్లో కలుపు తీయించాడు. ఆసామి రెండో పొద్దు మెత్తబడి, దోసిళ్లతో కాయలు ఇవ్వబోతే, "వద్దన్నా, వీండ్ల కూలి ముందే తిన్నరు" అన్నాడు సారు.

*

మా అందరిలోకీ కూతగాడు ఒకడుండేవాడు. పేరు రాయను. ఊరి బయటి వాడలో ముసలి అవ్వ దగ్గర ఉండేవాడు. వాడి అమ్మానాయిన మట్టి పనికి గుంపు వెంబడి ఎక్కడెక్కడో డ్యాము కట్టల మీద ఉండి, ఏడాదికోసారి వచ్చేవాళ్లు. ఆ వాడ నుంచి కాలేజీ మెట్లెక్కిన మొదటి పిల్లవాడు వాడే. బక్కగా, పొడుగ్గా, గీత దాటితే గాలిలా ఉండేవాడు. కూతకు పోతే ఒక్క ఊపిరికి ముగ్గురిని తాకి, నవ్వుకుంటూ వచ్చేవాడు. జిల్లా ఆటల్లో గెలిస్తే వాడికి పట్నం హాస్టల్లో సీటు వస్తుందని, తనకు ఉద్యోగం పక్కా అవుతుందని సారు మాకు దాచకుండా చెప్పాడు. "నాది పోయినా ఫికర్ లే. వాడు మాత్రం మట్టి తట్ట ఎత్తొద్దు" అనేవాడు.

పొద్దున ఆట అయ్యాక ఆకలి ఎట్లా ఉండేదో చెప్పలేను. అందరం ఇళ్ల నుంచి రొట్టెలు కట్టుకుని వచ్చేవాళ్లం. మొదటి రోజు ఎవరి మూట వాళ్లు విప్పుకుని, ఎవరి గట్టు మీద వాళ్లు కూర్చున్నాం. కూతగాడు దూరంగా తుమ్మచెట్టు కింద కూర్చున్నాడు. ఎవరూ వాణ్ణి దూరం పొమ్మనలేదు. ఎవరూ చెప్పనవసరం లేకుండానే అది జరిగింది.

సారు అది చూశాడు. ఒక గంప తెప్పించి, "మూటలు దీంట్ల ఎయ్యుండ్రి" అన్నాడు. అన్ని రొట్టెలూ గంపలో వేసి, చీటీల ముంత తిప్పినట్టు తిప్పి, కళ్లు మూసుకుని ఒక్కొక్కటి తీసి పంచాడు. "పల్టన్ల ఒక్కటే గంజు. ఎవని అమ్మ వండిందని ఎవడు అడగడు" అన్నాడు. ఆ రోజు నుంచి అదే లెక్క. ఎవరింటి రొట్టె ఎవరికి వస్తుందో తెలియదు.

తెలియదంటాను గానీ, నాలుక కనిపెట్టేది. పెద్దింటి రొట్టె పల్చగా, నువ్వులద్ది ఉండేది. కోమటింటిది చల్లబడితే చప్పిడి అట్ట. మా ఇంటిది తెల్లజొన్న, నెయ్యి రాసేది మా అమ్మ. అన్నిటికంటే కూతగాడి అవ్వ చేసే రొట్టె వేరు. మందంగా, అంచు మాడి, పైన వెల్లుల్లి కారం పట్టించి ఉండేది. కట్టెల పొగ దాని లోపలికి దిగి ఉండేది. అది నా చేతిలో పడిన రోజు నాకు పండగ.

అక్కడే నా నోరు జారింది. ఒక రాత్రి అన్నం తినేటప్పుడు అమ్మతో అన్నాను. "గిట్ల పల్సగ గాదమ్మా, మందంగ చెయ్యి. అంచు మాడాలె. పైన ఎల్లిపాయ కారం పూయి."

అమ్మ నవ్వింది. అవ్వ నవ్వలేదు. ఆమె నాయిన తల్లి. మడి, మైల, ముట్టు, అంటు తప్ప వేరే చదువు లేదు.

"యాడ తిన్నవు రా గసుంటి రొట్టె?"

"మా దోస్తుది."

"ఏ దోస్తు?"

చెప్పేశాను. అవ్వ అమ్మ వైపు చూసింది. ఇద్దరూ నాయినకు చెప్పలేదు. చెబితే కాలేజీ మాన్పిస్తాడని వాళ్లకు భయం. మర్నాడు రొట్టె తట్టేటప్పుడు అవ్వ పొయ్యి దగ్గర కూర్చుంది. రొట్టెను పెంక మీద వేయకముందు, పచ్చిగా ఉన్నప్పుడే, అంచు పక్కన బొటనవేలితో మూడు నొక్కులు నొక్కింది.

"గుర్తు పెట్టుకో కొడకా. మూడు గుంటలున్నదే మనది. వేరే ఏది వచ్చినా ఎట్లనో అట్ల మార్సుకో. నోట్లె పెట్టకు."

నేనేం చేశాను? మార్చుకున్నాను. తువ్వాల చాటున పక్కవాడికి ఇచ్చి, నాది తెచ్చుకున్నాను. తీరా చూస్తే పక్కవాడి రొట్టెకు గోటితో గీసిన నెలవంక ఉంది. ఇంకొకడి దానికి చీపురు పుల్లతో పొడిచిన రంధ్రాలు. పెద్దింటి రొట్టెకు అంచు చుట్టూ చిటికెలు. ఒకరితో ఒకరు చెప్పుకోకుండానే ఊళ్లో అవ్వలందరికీ ఒకే తెలివి పుట్టింది. మేము పదిమందిమీ ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా చకచకా మార్చుకునేవాళ్లం. చెడుగుడులో కూడా అంత చురుకు చూపించలేదు. ఏడు రోజులు కూతగాడికి వాడి రొట్టే వాడికి తిరిగి వచ్చింది. వాడు తలెత్తకుండా తినేవాడు.

ఎనిమిదో రోజు సారు గంపలోంచి ఒక రొట్టె తీసి ఎండకు పెట్టి చూశాడు. ఇంకొకటి తీశాడు. అన్నీ తీసి వరసగా కట్ట మీద పరిచాడు.

"ఏందిరా గిది? ఎడ్లకు అచ్చులేసినట్లు రొట్టెలకు ఏసిండ్రు?"

వరస చివరిది చేతిలోకి తీసుకున్నాడు.

"ఏ అచ్చు లేనిది ఒక్కటే ఉంది. ఇది ఎవరిదో చెప్తరా, నేనే చెప్పాల్నా?"

"నాదే సారూ" అన్నాడు కూతగాడు. "ఉండనియ్యి సారూ. నాకు మా అవ్వ రొట్టెనే ఇష్టం." మా పరువు కాపాడటానికి అన్నాడు ఆ మాట. మాకు!

సారు అంగడికి పోయి బెల్లం తెచ్చాడు. వెడల్పాటి ఇత్తడి పరాతం తెప్పించాడు. రొట్టెలన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి, తుంచి, నలిపి, పొడి చేశాడు. నొక్కులు, గీతలు, చిటికెలు అన్నీ ఆ చేతుల్లో నలిగి ఒక్కటైపోయాయి. బెల్లం దంచి కలిపాడు. వేయించిన పల్లీల పొడి కలిపాడు. "నువ్వు గూడ చెయ్యి పెట్టు" అని కూతగాణ్ణి పిలిచాడు. ఇద్దరూ మోచేతుల దాకా కలిపి, ముద్దలు కట్టి, తలా రెండు పెట్టారు.

"మలీద. ఇగ ఏరుకోండ్రి మీది మీరు, ఎట్ల ఏరుకుంటరో."

మొదటి రోజు మలీదలో వెల్లుల్లి కారం తగిలి, తియ్యగా, కారంగా, ఘోరంగా ఉంది. ఒకడు ఎక్కిళ్లు పెట్టాడు. నవ్వు ఆగలేదు. నవ్వుతూ తిన్నాం. రెండో రోజు నుంచి కూతగాడి అవ్వ కారం పూయడం మానేసింది. బెల్లం పాకంలా పట్టిన ఆ రొట్టెపొడిలో మాడు వాసన, పల్లీ వాసన ఉండేవి. బతుకమ్మ నాడు మా ఇంట్లో చేసే మలీద దాని ముందు ఎందుకూ పనికిరాదు. నేను ఇంట్లో ఏమీ చెప్పలేదు. అవ్వ రోజూ నొక్కులు నొక్కేది. నేను రోజూ తలూపేవాణ్ణి. నా బతుకులో నేను చేసిన మంచి పని అదొక్కటేనేమో, అది కూడా అబద్ధంతో.

*

జిల్లా ఆటలకు వారం ముందు నాగర్‌కర్నూల్ పోయి ఒక ఆట ఆడి గెలిచి వచ్చాం. బస్సు దిగగానే హోటల్లో పెద్దలు లేచి నిలబడ్డారు. దూడల మాట అన్నాయనే మిర్చిబజ్జీలు చెప్పాడు. లోపల బల్లల మీద మేము కూర్చున్నాం. కూతగాడికి బయట, గోడ మేకుకు తగిలించిన వేరే గ్లాసులో చాయ పోశారు. తాగి వాడే కడిగి తగిలించాలి. సారు లోపలి నుంచి లేచిపోయి, అదే మేకుకు ఉన్న ఇంకో గ్లాసు తీసుకుని, వాడి పక్కన నిలబడి తాగాడు. హోటల్ ఒక్కసారి చప్పుడు లేకుండా అయింది.

ఆ మౌనాన్ని పోగొడదామని పెద్దింటాయన నన్ను అడిగాడు. ఈ సంచిక కుర్రాడి తాత ఈయనే. కాలేజీ కమిటీకి పెద్ద.

"ఏం తిని గెలిసిండ్రు రా, చెప్పు!"

గెలిచిన మత్తులో ఉన్నాను. "మలీద!" అన్నాను. "అందరి ఇండ్లల్ల రొట్టెలు సారు ఒక్కటే పరాతంల కలిపి చేస్తడు. కలిపేది ఎవరనుకున్నరు? బయట నిలబడ్డడే, వాడే!"

రెండుసార్లూ నోరు నాదే.

మర్నాడు మధ్యాహ్నం మా పదిమందినీ పెద్దింటి వసారాకు పిలిపించారు. మా నాయినలు గోడ పక్కన బల్లల మీద ఉన్నారు. పల్లికాయ బస్తాల వాసన. మాకు పూరీలు, చక్కెర పెట్టారు. వకీలు దగ్గర రాతకోతలు చేసే ఒకాయన కాగితం పట్టుకుని కూర్చున్నాడు.

"కులం మాట రాయకు" అన్నాడు పెద్దింటాయన. "సర్కారుకు పోయే కాయిదం. పోరగాండ్లకు పాచి రొట్టెలు తినిపిస్తుండు, వాంతులైతున్నయి, దవాఖానకు పోతుండ్రు అని రాయి."

"వాంతులు ఎవలకైనయి?" అని అడిగాడు రాసేవాడు.

"ఎవలకు కావాల్నో వాండ్లకైతయి."

అందరూ నవ్వారు. మా నాయిన కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినబడుతుంది. ఆ కాగితంలో కులం మాట ఒక్కటి లేదు. అదే నాకు అన్నిటికంటే రోత. చేసేది దాచాలని తెలిసినవాళ్లకు, చేస్తున్నది తప్పని తెలియదా?

నా వంతు వచ్చినప్పుడు కలం పట్టుకోలేదు. నాయిన లేచి వచ్చి చెవిలో అన్నాడు. "సంతకం పెడితె సదువు. లేకుంటె రేపటి సంది నాగలి. నీ ఇష్టం."

పెట్టాను. మూడో సంతకం నాది. గుండ్రంగా, అందంగా, పొల్లు పోకుండా. పక్కాయన మెచ్చుకున్నాడు కూడా, దస్తూరి మంచిగుందని.

మూడో నాడు ప్రిన్సిపాల్ గదిలోకి మమ్మల్ని వరసగా పిలిచారు. పెద్దింటాయన కుర్చీలో, సారు నిలబడి ఉన్నారు. సారు కాగితం అంతా చదివాడు. చదివేటప్పుడు లవంగం నమలడం ఆపేశాడు. కోపం రాలేదు. ఒక్కొక్కణ్ణే అడిగాడు, వాంతి అయిందా అని. మొదటివాడు అయింది అన్నాడు. రెండోవాడు తలూపాడు. నా దగ్గరికి వచ్చాడు.

"నీకు?"

"అయింది సారూ."

"ఏ దినం?"

ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. "మంగళారం" అన్నాను.

సారు నన్నే చూశాడు. "మంగళారం నువ్వు ఇంకో రెండు ముద్దలు అడిగినవు. నా వంతు నీకిచ్చిన గదరా."

అంతే. నాలుగోవాణ్ణి అడగలేదు. కాగితం మడిచి బల్ల మీద పెట్టి, మెడలోని విజిల్ తీసి దాని మీద పెట్టి, "ఇంకెవర్నీ అడగొద్దు సార్. పిల్లలతోని అబద్ధాలు సెప్పియ్యొద్దు" అని బయటికి పోయాడు. రేకుపెట్టె పట్టుకుని మర్నాడు పొద్దుటి ఆత్మకూరు బస్సుకు పోయాడని పొద్దెక్కాక తెలిసింది. సాగనంపడానికి ఎవరూ పోలేదు. నేనూ పోలేదు.

ఆ పొద్దునే ఆలస్యంగా గ్రౌండుకు పోతే కూతగాడు ఒక్కడే ఉన్నాడు. నేలంతా ఊడ్చి, రొట్టెల మూట ఒళ్లో పెట్టుకుని కట్ట మీద కూర్చున్నాడు.

"సారేడి రా?"

"పోయిండు."

"యాడికి?"

"తెల్వదు."

"మరి ఆటకు పోతున్నమా?"

"మేం పోతున్నం" అన్నాను.

వాడు లేచి, మూట చంకన పెట్టుకుని వాడ వైపు నడిచాడు. ఆ నెలలోనే మట్టి పని గుంపుతో పోయాడు. తర్వాత ఏ కట్ట మీద ఉన్నాడో, ఉన్నాడో లేడో నాకు తెలియదు. తెలుసుకోవాలని నేను ప్రయత్నించలేదు. దాన్ని కూడా రాయాలి కదా.

జిల్లా ఆటల్లో మొదటి ఆటలోనే ఓడిపోయాం. తిరుగు బస్సులో ఎవరి సద్ది వాళ్లు ఒళ్లో పెట్టుకుని, కిటికీ వైపు తిరిగి తిన్నాం. నా రొట్టెకు మూడు గుంటలున్నాయి.

పల్లికాయ పీకే రోజులు వచ్చాయి. నాయిన నా పుస్తకాలు అటక మీద పెట్టించాడు. "సాలు. ఆ కాలేజీల ఎవడేం తినిపిస్తడో ఏం తెల్సు" అన్నాడు. సంతకం పెట్టాను కదా అని అడిగాను. "పెడితె?" అన్నాడు.

*

చాలా ఏళ్లకు, నాకు పెళ్లయి పిల్లలు పుట్టాక, ఎడ్లు కొనడానికి అమ్రాబాద్ పోయాను. అడవి దారిలో ఒక చిన్న హాస్టలు బడి. గంట కొడుతున్న ముసలాయన్ని చూసి దాటిపోయాను. వెనక నుంచి పిలుపు వచ్చింది.

"ఎడమ కాలు ఇంక ముందే ఎత్తుతున్నవా?"

టైరు చెప్పులు. కాన్వాసు బూట్లు లేవు. ఒళ్లు సగమైంది. ఇక్కడ గంట కొట్టడం, పొద్దున పిల్లలతో నాలుగు కసరత్తులు చేయించడం ఆయన పని. వేరే ఏ కాలేజీ తీసుకోలేదట. "పాచి తినిపిచ్చినోడని రాసి పంపిండ్రు గద" అన్నాడు, ఎవరి గురించో చెప్పినట్టు. వరండాలో కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు. లోపల పిల్లలు తింటున్న చప్పుడు.

నోరు ఊరుకోదు కదా నాకు. "ఈడ మలీద చేస్తలేరా సారూ?" అన్నాను.

"లే. ఎవని కంచం వానిదే."

తర్వాత అడిగాడు. "ఏం సదువుకున్నవు? నౌకరీ ఏంది?"

"ఆ యేడే మాన్పిచ్చిండు సారూ మా నాయిన. సేద్యమే."

సారు ఆశ్చర్యపోయాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఇన్నేళ్లూ నేను పెద్ద చదువు చదివి ఎక్కడో ఉన్నానని, ఆ చదువు కోసమే ఆ పని చేశానని అనుకుని, అంతవరకూ మనసుకు సర్దిచెప్పుకున్నట్టున్నాడు. నా మొహంలోకి వంగి చూసి అడిగాడు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. తెలియక, తెలుసుకుందామని అడిగినట్టు.

"మరి ఎందుకు పెట్టినవ్ రా సంతకం?"

నేను నీళ్లు తాగాను. గ్లాసు అక్కడ పెట్టి లేచి వచ్చేశాను. ఎడ్లు కొనకుండానే తిరిగి వచ్చాను. ఆయన పోయిన కబురు కూడా పోయిన మూడేళ్లకు తెలిసింది.

ఆ ప్రశ్నకు ఇన్నేళ్లలో చాలా జవాబులు కట్టుకున్నాను. నాయినకు భయపడ్డానని ఒకటి. చిన్నవాణ్ణని ఒకటి. పదిమందీ పెట్టారు కదా అని ఒకటి. పొలం గట్టు మీద ఒక్కణ్ణే ఉన్నప్పుడు అన్నీ బాగానే ఉంటాయి. సారు ఎదురుగా వరండాలో కూర్చున్నాడనుకుంటే ఒక్కటీ నోట్లోంచి రాదు. ఈ ఊరిని, ఆ వసారాను, ఆ నవ్వులను, మా నాయినను ఎంత అసహ్యించుకున్నా లాభం లేదు. ఆ గుండ్రటి దస్తూరి మాత్రం నాదే.

రేపు ఆ కుర్రాడు వస్తాడు. ఈ కాగితాలు వాడికిస్తాను. వాడి తాత పేరు రాయలేదు. ఎవరి పేరూ రాయలేదు. సంచికలో వేయరని నాకు తెలుసు. పేజీన్నర కూడా దాటింది. వేయకపోతే, "ఒక్క పళ్లెంల తిన్నరు" అనే మాట కూడా వేయవద్దని చెబుతాను. తిన్నది నిజమే. తిన్నది కక్కామని రాసిచ్చింది కూడా నిజమే.

వేదిక మీద నాకు కుర్చీ వేస్తారట, శాలువా కప్పుతారట. ఆ మీసాల బొమ్మ కింద, ఆ మొహాల నడుమ కూర్చుని చేతులు జోడిస్తే, మూడో సంతకం మళ్లీ పెట్టినట్టే. పోను.